రేషన్ ఇచ్చారు సరే, వండేదెలా? శరణార్థి మహిళల జీవితాల్లో సోలార్ పొయ్యి లెక్క

శరణార్థి శిబిరం అనగానే టీవీ తెరపై కనిపించే దృశ్యం ఒకటే. లారీలోంచి బస్తాలు దిగుతుంటాయి, మహిళలు పిల్లల్ని చంకన వేసుకుని వరుసలో నిలబడి ఉంటారు. బస్తా చేతికందితే ఆ ఇంటి ఆకలి తీరినట్టేనని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కానీ జొన్నలు, బియ్యం, పప్పులు పచ్చివి తినలేరు కదా. వాటిని వండాలంటే పొయ్యి కావాలి, పొయ్యిలోకి కట్టె కావాలి. ఆ కట్టె ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నను సహాయ సంస్థలు చాలా ఏళ్లపాటు మహిళలకే వదిలేశాయి.

ఈ ప్రశ్న ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది. 2023 ఏప్రిల్ 15న సుడాన్ సైన్యానికి, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే సాయుధ దళానికి మధ్య యుద్ధం మొదలైంది. అప్పటి నుంచి 8 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి పక్కనున్న చాద్ దేశంలోకి వెళ్లారు. వాళ్లలో ఎక్కువ మంది డార్ఫర్ ప్రాంతపు ముస్లిం కుటుంబాలే, అందులోనూ మహిళలు, పిల్లలే. వీళ్లకు 20 ఏళ్ల ముందు, 2003లో మొదలైన డార్ఫర్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. తూర్పు చాద్‌లోని 12 శిబిరాల్లో అప్పట్లో తలదాచుకున్న వాళ్ల సంఖ్య దాదాపు రెండున్నర లక్షలు. శిబిరంలో పుట్టిన పిల్లలే ఇప్పుడు తల్లులయ్యారు.

ఆ పాత శిబిరాల్లో ఒకదాని పేరు ఇరిదిమి. చాద్ ఈశాన్య భాగంలో, ఇరిబా పట్టణం దగ్గర, సహారా ఎడారి అంచున ఉంటుంది. సోలార్ వంట గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా ఇరిదిమి పేరు వస్తుంది. అక్కడ ఏం జరిగిందో, ఏం జరగలేదో లెక్క చూస్తే, ఇవాళ చాద్ నుంచి కాక్స్ బజార్ దాకా శిబిరాల్లో ఉన్న మహిళలకు నిజంగా ఏం అవసరమో కొంత అర్థమవుతుంది.

ఖాతాలో కనిపించని ఖర్చు

రేషన్‌కు పద్దు ఉంటుంది. తలకు ఇన్ని గ్రాముల ధాన్యం, ఇంత నూనె, ఇంత ఉప్పు అని కాగితం మీద రాసి ఉంటుంది. కట్టెలకు అలాంటి పద్దు ఉండేది కాదు. కాబట్టి అవి ఉచితం అన్నట్టే లెక్క సాగింది. ఉచితం అనుకున్న ఆ కట్టెలకు మహిళలు మూడు రకాలుగా ధర చెల్లించారు.

మొదటిది సమయం. ఎడారి అంచున చెట్లే తక్కువ. వేలాది కుటుంబాలు ఒకేచోట దిగితే దగ్గర్లో ఉన్న పొదలు కొద్ది నెలల్లోనే ఖాళీ అవుతాయి. తర్వాత ప్రతి నెలా ఇంకొంచెం దూరం నడవాలి. వారానికి 3 సార్లు, ఒక్కో విడతకు 4 గంటలు పడుతుందనుకుందాం. ఏడాదికి 624 గంటలు అవుతుంది. రోజుకు 8 గంటల పని అనుకుంటే 78 పనిదినాలు. అంటే కూలి లేని పనిలో రెండున్నర నెలలు పోయినట్టే. తల్లికి ఒంట్లో బాగోకపోతే ఆ పని కూతురి మీద పడుతుంది. ఆ రోజు ఆ పిల్లకు బడి ఉండదు.

రెండోది తిండి. కట్టెలు తెచ్చుకోలేని కుటుంబం కొనుక్కోవాలి. చేతిలో డబ్బు ఉండదు కాబట్టి ఉన్న ధాన్యంలోంచే కొంత అమ్ముతారు. మిగిలిన ధాన్యం వండుకోవడానికి కొంత ధాన్యం అమ్ముకోవడం అన్నమాట. కట్టె ఆదా చేయడానికి పప్పు సగం ఉడికీ ఉడకకుండా దించేయడం, ఓ పూట మానేయడం కూడా శిబిరాల్లో మామూలే. ప్రపంచ ఆహార కార్యక్రమం ఈ సంగతులను అనేక దేశాల్లో గమనించి నమోదు చేసింది.

మూడోది అన్నిటికంటే భారమైనది, భద్రత. డార్ఫర్‌లో పనిచేసిన వైద్య సంస్థ 'మెదసాఁ సాఁ ఫ్రాంటియర్' 2005 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. నాలుగున్నర నెలల్లో దాదాపు 500 మంది అత్యాచార బాధితులకు ఆ సంస్థ డాక్టర్లు చికిత్స చేశారు. వాళ్లలో 82 శాతం మందిపై దాడి జరిగింది కట్టెలు ఏరుకునేటప్పుడో, నీళ్లకో, పొలానికో, సంతకో వెళ్లినప్పుడో. అంటే ఇల్లు గడవడానికి తప్పనిసరైన పనుల మీద బయటికి వెళ్లినప్పుడు. మగవాళ్లు వెళితే చంపేస్తారు, ఆడవాళ్లు వెళితే అత్యాచారం చేస్తారు, ఈ రెండింట్లో ఏది తక్కువ నష్టమో చూసుకుని ఆడవాళ్లనే పంపాల్సి వచ్చిందన్న మాట అప్పటి నివేదికల్లో పదేపదే కనిపిస్తుంది. ఒక కుటుంబం ఇలాంటి లెక్క వేసుకోవాల్సి రావడం ఎంత ఘోరమో వేరే చెప్పనక్కర్లేదు.

సరిహద్దు దాటి చాద్‌లోకి వచ్చాక కూడా ఈ సమస్య పూర్తిగా తీరలేదు. అక్కడి స్థానికులూ పేదలే, వాళ్ల పొయ్యిలోకీ అదే కట్టె. ఉన్న నాలుగు చెట్ల కోసం శరణార్థులకు, ఊరివాళ్లకు మధ్య గొడవలు మొదలయ్యాయి. ఎడారి విస్తరిస్తోందన్న కారణంతో చాద్ ప్రభుత్వం 2009 మొదట్లో బొగ్గుల వాడకాన్నే నిషేధించింది. శరణార్థుల సంగతి అటుంచి, రాజధాని న్జమేనాలోని గృహిణులే వంట ఎలా చేసుకోవాలని వీధుల్లోకి వచ్చారు.

అట్టముక్క, రేకు కాగితం, నల్ల గిన్నె

ఈ పరిస్థితుల్లో ఇరిదిమిలోకి సోలార్ కుక్కర్ వచ్చింది. 2005లో నెదర్లాండ్స్‌కు చెందిన కోజాన్ ఫౌండేషన్ తరఫున డెర్క్ రైక్స్ అనే నిపుణుడు అక్కడ ప్రయోగం మొదలుపెట్టారు. అమెరికాలోని 'సోలార్ కుకర్స్ ఇంటర్నేషనల్' సాంకేతిక సహకారం ఇచ్చింది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని 'జ్యూయిష్ వరల్డ్ వాచ్' అనే యూదుల సంస్థ విరాళాలు సేకరించడానికి ముందుకొచ్చింది. యూదుల విరాళాలతో ముస్లిం మహిళల ఇళ్లలో వంట నడిచింది. కష్టం వచ్చినచోట మతం అడ్డు రాలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గ విషయం.

పరికరం చూస్తే చాలా మామూలుది. పేరు 'కుకిట్'. ఫ్రెంచ్ శాస్త్రవేత్త రోజర్ బెర్నార్డ్ నమూనా ఆధారంగా 1994లో తయారైంది. మడతపెట్టే అట్ట మీద అల్యూమినియం రేకు కాగితం అతికిస్తారు. దాన్ని ఎండకు ఎదురుగా విప్పి పెడితే వెలుతురంతా మధ్యలోకి పడుతుంది. మధ్యలో మూత పెట్టిన నల్ల గిన్నె ఉంటుంది. నలుపు రంగు వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడి గాలికి పోకుండా గిన్నెను వేడికి తట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెడతారు. 2 నుంచి 4 గంటల్లో పప్పు, బియ్యం, కూర, మాంసం ఉడికిపోతాయి. మంట లేదు కాబట్టి అడుగంటదు, పక్కన కూర్చుని కలపాల్సిన పనీ లేదు. నీటిని 65 డిగ్రీల వరకు వేడి చేసి కొద్ది నిమిషాలు ఉంచితే, రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు చనిపోతాయి. కాబట్టి తాగునీటికీ ఇది పనికొస్తుంది.

ఖర్చు కూడా పెద్దగా లేదు. 30 డాలర్ల విరాళం ఇస్తే ఒక కుటుంబానికి 2 కుక్కర్లు అన్నది అప్పట్లో ఆ సంస్థ చేసిన ప్రచారం. ఒకదాంట్లో ధాన్యం, ఇంకోదాంట్లో కూర వండుకోవచ్చని రెండు ఇచ్చేవారు. ఇరిదిమి ప్రత్యేకత ఏమిటంటే, కుక్కర్లు ఎక్కడో తయారై లారీలో దిగలేదు. అట్ట కోయడం, రేకు అతికించడం, సంచులు సిద్ధం చేయడం అన్నీ శిబిరంలోనే ఏర్పాటైన వర్క్‌షాపులో శరణార్థి మహిళలే చేశారు. కొత్తగా తీసుకునేవాళ్లకు వాడకం నేర్పిందీ వాళ్లే. ఆ పనికి కూలి దక్కింది. తర్వాత పక్కనే ఉన్న తూలూమ్ శిబిరానికీ ఈ పని విస్తరించింది.

ఏం మారింది?

2007లో జరిగిన మదింపులో, కట్టెల కోసం శిబిరం దాటి వెళ్లే విడతలు 86 శాతం తగ్గాయని తేలింది. ఇంతకుముందు 100 సార్లు వెళ్లాల్సి వస్తే ఇప్పుడు 14 సార్లు. ఈ అంకెను ప్రాజెక్టు వాళ్లే తమ ప్రచారంలో ఎక్కువగా వాడుకున్నారు కాబట్టి కొంచెం జాగ్రత్తగానే చూడాలి. అందులో సగమే నిజమనుకున్నా, ఎవరూ బయటికి వెళ్లకుండా గడిచిన రోజులు ఆ కుటుంబానికి ఎన్ని మిగిలాయో ఆలోచించాలి.

మహిళకు మిగిలింది కట్టె ఒక్కటే అనుకుంటే పొరపాటు. పైన చెప్పుకున్న 3 ధరల్లోనూ కొంత కొంత వెనక్కి వచ్చింది. ఉదయం గిన్నె ఎండలో పెట్టి మధ్యాహ్నం దాకా వేరే పని చూసుకోవచ్చు. చంటిబిడ్డను చూసుకోవచ్చు, అల్లిక పని చేసుకోవచ్చు, ధాన్యం పంపిణీ వరుసలో నిలబడవచ్చు. కూతురు బడికి వెళ్లవచ్చు. కట్టెల కోసం ధాన్యం అమ్ముకునే అవసరం తగ్గితే అదే రేషన్ ఇంకొన్ని రోజులు వస్తుంది.

పొగ సంగతి కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, కట్టెలు, పిడకలు, బొగ్గుల వంట పొగ వంటి ఇంట్లోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో 2 లక్షల 37 వేల మంది 5 ఏళ్లలోపు పిల్లలు. గాలి ఆడని గుడారంలో, గడ్డి గుడిసెలో మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చునే తల్లికి, ఆమె ఒళ్లోని బిడ్డకు ఈ పొగ అందరికంటే దగ్గరగా తగులుతుంది. పైగా గడ్డి గుడిసెల మధ్య ఒక నిప్పురవ్వ ఎగిరినా వాడంతా తగలబడే ప్రమాదం. ఎండతో వంట చేస్తే ఈ రెండూ ఉండవు.

ఎండ తీర్చలేనివి

మంచి సంగతులతోనే ఆపేస్తే లెక్క సగమే చెప్పినట్టు. సోలార్ కుక్కర్ వచ్చాక కూడా ఇరిదిమిలో మూడు రాళ్ల పొయ్యి పూర్తిగా ఆరిపోలేదు. ఎందుకో వంట చేసే ఎవరిని అడిగినా చెబుతారు.

సెహ్రీకి ఎండ ఉండదు. తెల్లవారుజామున వేడిగా ఏదైనా కావాలంటే మంట వెలిగించాల్సిందే. ఇఫ్తార్ సూర్యాస్తమయానికి కాబట్టి కొంత నయం. మధ్యాహ్నం వండిన గిన్నెను గడ్డి నింపిన బుట్టలోనో, దుప్పటి చుట్టిన పెట్టెలోనో దాచి మగ్రిబ్ దాకా వేడి నిలుపుకోవచ్చు. ఇసుక తుఫాను లేచిన రోజు, మబ్బు పట్టిన రోజు కుక్కర్ పనిచేయదు. డార్ఫర్ వాళ్ల ముఖ్యాహారం అసీదా. మన రాయలసీమ సంగటి లాంటిది. దాన్ని మంట మీద గట్టిగా తిప్పుతూ కలిపితేనే రుచి, చిక్కదనం వస్తాయి. సంచిలో మూసిపెట్టిన గిన్నెలో అలా కలపడం కుదరదు. రొట్టె కాల్చడం, నూనెలో వేయించడం కూడా ఈ అట్ట కుక్కర్‌తో అయ్యే పనులు కావు. కుటుంబంలో పదిమంది ఉంటే ఒక గిన్నె చాలదు.

ఇంకో సంగతి మన్నిక. అట్ట తడిస్తే పాడవుతుంది, రేకు కాగితం గీతలు పడి మెరుపు పోతుంది, ప్లాస్టిక్ సంచి కొన్ని వారాల్లో చిల్లులు పడుతుంది. అంటే ఒకసారి పంచి ఫొటో దిగి వెళ్లిపోతే కుదరదు. వర్క్‌షాపు నడుస్తూ ఉండాలి, సంచులు వస్తూ ఉండాలి. వ్యాపారం చదివినవాళ్లు దీన్నే పెట్టుబడి ఖర్చు, నిర్వహణ ఖర్చు అని వేరు చేస్తారు. దాతలకు మొదటిది ఇవ్వడం ఇష్టం, ఎందుకంటే దానికి కనిపించే వస్తువు ఉంటుంది. శిబిరంలో వంట నడిచేది మాత్రం రెండోదాని మీదే.

ఈ పరిమితులు తెలిసినవాళ్లు సోలార్ కుక్కర్‌ను ఒంటరిగా చూడరు. పగలు ఎండ, రాత్రి తక్కువ కట్టెతో మండే మెరుగైన పొయ్యి, వండినది వేడిగా ఉంచే బుట్ట, ఈ మూడూ కలిసి ఒక సెట్టు అంటారు. ఎండ కాసే రోజుల్లో కట్టె మిగులుతుంది. మిగిలిన కట్టె సెహ్రీకి, మబ్బు రోజుకు పనికొస్తుంది. ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ కాసే ఇరిదిమి లాంటి చోట ఈ లెక్క బాగానే కుదురుతుంది.

పొయ్యి మార్చితే భద్రత వస్తుందా?

ఇక్కడే ఎక్కువ మంది తొందరపడతారు. "కుక్కర్ ఇస్తే అత్యాచారాలు ఆగుతాయి" అన్న ప్రచారం దాతల మనసును తొందరగా కదిలిస్తుంది. అనుభవం మాత్రం అంత సులువుగా లేదు.

కెన్యాలోని దదాబ్ శిబిరాల్లో సోమాలియా శరణార్థులు ఉంటారు. 1990ల చివర్లో అక్కడ మహిళల భద్రత కోసం యూఎన్‌హెచ్‌సీఆర్ కట్టెలను తానే పంపిణీ చేసింది. 2001లో ఆ పథకాన్ని మదింపు చేశారు. ఇళ్లలో కట్టెల నిల్వ పూర్తిగా ఉన్న రోజుల్లో, కట్టెలకు వెళ్లినప్పుడు జరిగే అత్యాచారాలు 45 శాతం తగ్గాయి. కానీ అదే సమయంలో వేరే చోట్ల, వేరే సందర్భాల్లో జరిగేవి పెరిగాయి. దాడి చేసేవాడు చోటు మార్చుకున్నాడు, అంతే. పైగా పంపిణీ చేసిన కట్టె కుటుంబ అవసరంలో దాదాపు మూడో వంతే కాబట్టి మిగతా దానికి బయటికి వెళ్లక తప్పలేదు.

చాద్ విషయంలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2009 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది. తూర్పు చాద్ శిబిరాల మహిళలకు బయట ఎంత ప్రమాదమో, లోపలా అలాంటి ప్రమాదాలే ఉన్నాయని, నేరం చేసినవాళ్లకు శిక్ష పడటం అరుదని అందులో ఉంది. నేరస్థుడిని పట్టుకోవాల్సింది పోలీసు, శిక్షించాల్సింది కోర్టు. ఆ పనిని వంటగిన్నె చేయలేదు. కుక్కర్ చేయగలిగిందల్లా ఒక తప్పనిసరి ప్రయాణాన్ని తగ్గించడం. అది చిన్న మేలేం కాదు, కానీ అదే మొత్తం పరిష్కారం అని చెబితే, కాపలా, న్యాయం, బాధితులకు వైద్యం అనే పెద్ద బాధ్యతల నుంచి ప్రభుత్వాలు, సంస్థలు తప్పించుకోవడానికి దారి ఇచ్చినట్టవుతుంది.

2006లో న్యూయార్క్ కేంద్రంగా పనిచేసే మహిళా శరణార్థుల కమిషన్ 'బియాండ్ ఫైర్‌వుడ్' పేరుతో నివేదిక విడుదల చేసింది. ఆ తర్వాతే ఐరాస సంస్థలు వంట ఇంధనాన్ని భద్రతా సమస్యగా, పర్యావరణ సమస్యగా, పోషణ సమస్యగా కలిపి చూడటం మొదలుపెట్టాయి. 2007లో దీనికోసం ఉమ్మడి బృందం ఏర్పడింది. అన్నం మెతుకుతో పాటు దాన్ని ఉడికించే నిప్పు కూడా సహాయంలో భాగమేనని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

కాక్స్ బజార్‌లో ఎండ కాదు, గ్యాస్

అన్ని శిబిరాలకూ ఒకే పొయ్యి సరిపోదు. రోహింగ్యాల ఉదాహరణ చూస్తే ఇది తేలిపోతుంది. 2017 ఆగస్టు నుంచి మయన్మార్ సైన్యం దాడులకు 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు పారిపోయి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరారు. మొదటి నెలల్లో వంటకు అడవే దిక్కయింది. రోజుకు దాదాపు 4 ఫుట్‌బాల్ మైదానాలంత అడవి పొయ్యిల పాలవుతోందని అప్పట్లో ఐరాస సంస్థలు అంచనా వేశాయి. కట్టెల కోసం పిల్లలు, మహిళలు అడవిలో మరింత లోపలికి వెళ్లాల్సి వచ్చింది. కొండల మీద చెట్లు పోయి వానలకు మట్టిచరియలు విరిగిపడే ప్రమాదం పెరిగింది.

అక్కడ సోలార్ కుక్కర్ పంచి ఉంటే? జూన్ నుంచి నెలల తరబడి వాన కురుస్తుంది. గుడిసె పక్కనే గుడిసె. గిన్నె ఎండలో పెట్టుకునేంత ఖాళీ జాగా కూడా చాలామందికి ఉండదు. కాబట్టి 2018 నుంచి గ్యాస్ పొయ్యి, సిలిండర్ ఇవ్వడం మొదలుపెట్టి, క్రమంగా దాదాపు అన్ని శరణార్థి కుటుంబాలకూ చేర్చారు. స్థానిక బంగ్లాదేశీ పేద కుటుంబాలకూ కొంతవరకు ఇచ్చారు. దాంతో కట్టెల వాడకం బాగా పడిపోయింది, బోడిగా మారిన కొండల మీద మళ్లీ మొక్కలు నాటారు. ఇరిదిమిలో ఎండ చేసిన మేలునే కాక్స్ బజార్‌లో గ్యాస్ చేసింది.

కానీ గ్యాస్‌కు ఒక బలహీనత ఉంది. సిలిండర్ అయిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. దాతల దేశాలు చేయి వెనక్కి తీసుకుంటే ఆ పొయ్యి ఆరిపోతుంది. ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. రోహింగ్యాల ఆహార సహాయాన్నే 2023లో నెలకు తలకు 12 డాలర్ల నుంచి మొదట 10కి, తర్వాత 8కి తగ్గించారు. తర్వాత పెంచినా, 2025 మార్చిలో దాన్ని సగానికి కోసేస్తామన్న హెచ్చరిక వచ్చింది. చివరి నిమిషంలో డబ్బు సర్దుబాటై 12 డాలర్ల దగ్గర నిలిచింది. తిండి డబ్బుకే ఇంత గండం ఉంటే ఇంధనం డబ్బుకు ఏ భరోసా ఉంటుంది?

గాజాలో ఇంకో రకం గండం. 2025 మార్చి 2 నుంచి సరిహద్దు మూసేశాక నెలల తరబడి వంట గ్యాస్ లోపలికి రాలేదు. గుడారాల్లో ఉన్న తల్లులు విరిగిన ఫర్నిచర్, చెత్త, ప్లాస్టిక్ కాల్చి వండారు. గ్యాస్‌ను సరిహద్దులో ఆపేయవచ్చు, ఎండను ఆపలేరు. అందుకే గ్యాస్ ఉన్నచోట కూడా, జాగా, వాతావరణం అనుకూలిస్తే, ఎండ పొయ్యిని రెండో ఆధారంగా ఉంచుకోవడంలో అర్థం ఉంది.

మన ఇళ్లకూ తెలిసిన లెక్కే

తెలుగు నాట చాలామంది సోలార్ కుక్కర్‌ను ఎగ్జిబిషన్‌లోనో, బంధువుల ఇంట్లో అటక మీదో చూసే ఉంటారు. అద్దం మూత ఉన్న ఆ పెట్టె మన దగ్గర ఎందుకు నిలవలేదు? పొయ్యి తిప్పితే గ్యాస్ వెలిగే ఇంట్లో అది మిగిల్చేది కొన్ని రూపాయలే. ఉద్యోగానికి వెళ్లే తొందరలో 3 గంటలు ఆగే ఓపిక ఎవరికుంటుంది? అదే సూత్రం పెద్ద వంటశాలలో పనికొచ్చింది. తిరుమలలో సూర్యరశ్మిని అద్దాలతో కేంద్రీకరించి ఆవిరి తయారుచేసి వేలమందికి వండే ఏర్పాటు 2000ల మొదట్లోనే జరిగింది. ఒకే పరికరం ఒకచోట అటకెక్కింది, ఇంకోచోట ప్రాణాధారమైంది. తేడా ఎక్కడుందంటే, అది లేకపోతే ఆ ఇల్లాలు చెల్లించాల్సిన ధరలో ఉంది.

సిలిండర్ సంగతీ మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం పెట్టి పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కనెక్షన్ వచ్చినా రీఫిల్‌కు డబ్బు లేక మళ్లీ కట్టెల పొయ్యి వెలిగించిన ఇళ్లు ఎన్నో. ఆ అనుభవంతోనే తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయలకు సిలిండర్, ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది దీపావళి నుంచి ఏటా 3 ఉచిత సిలిండర్ల పథకాలు వచ్చాయి. పొయ్యి ఇవ్వడం ఒక ఎత్తు, అది రోజూ వెలిగేలా చూడటం ఇంకో ఎత్తు అని ఓట్లు అడిగే పార్టీలకు కూడా అర్థమైంది. శిబిరంలోని మహిళకు ఓటు లేదు. ఆమె తరఫున అడిగేవాళ్లు దాతలే.

దాత అడగాల్సిన ప్రశ్నలు

రంజాన్ వస్తే మన మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు రేషన్ కిట్లు కడతాయి. బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలు అన్నీ ఉంటాయి. సుడాన్, రోహింగ్యా, గాజా శరణార్థుల కోసం సదఖా, జకాత్ ఇవ్వమని విజ్ఞప్తులు కూడా ఫోన్లలో వస్తూనే ఉంటాయి. ఇచ్చేవాళ్లది మంచి మనసే. ఆ మనసుకు కొంచెం లెక్క తోడైతే మేలు.

ఏ సంస్థ విరాళం అడిగినా ముందు ఒక ప్రశ్న వేయాలి: మీరిచ్చే ధాన్యం దేనితో వండుతారు? జవాబు లేకపోతే, ఆ ధాన్యంలో కొంత కట్టెల దుకాణానికి వెళుతుందని అనుకోవచ్చు. సోలార్ కుక్కర్లు ఇస్తున్నామంటే, ఆరు నెలల తర్వాత సంచులు, అట్టలు ఎవరు మారుస్తారు, మబ్బు రోజున ఏం చేస్తారు అని అడగాలి. గ్యాస్ ఇస్తున్నామంటే రీఫిల్‌కు ఎన్ని నెలల డబ్బు ఉందని అడగాలి. తయారీలో, నేర్పడంలో శిబిరం మహిళలకు కూలి దక్కుతోందా లేదా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. ఇరిదిమిలో పని ముందుకు సాగడానికి అదే పెద్ద బలం.

మన వీధిలో కట్టే కిట్టుకూ ఇదే వర్తిస్తుంది. గుడిసెలో ఉండే కుటుంబానికి 10 కిలోల బియ్యం ఇచ్చేటప్పుడు, ఆ ఇంట్లో సిలిండర్ ఉందో లేదో కనుక్కోవడం పెద్ద పనేం కాదు. లేకపోతే ఒక రీఫిల్ డబ్బు కూడా కిట్టులో పెట్టొచ్చు. జకాత్ సొమ్మును వస్తువుగా ఇవ్వొచ్చా, డబ్బుగానే ఇవ్వాలా అన్న సందేహం ఉన్నవాళ్లు ఉలమాను అడిగి తెలుసుకోవచ్చు.

చాద్ సరిహద్దులో ఇప్పుడు లక్షలాది కుటుంబాలు కొత్తగా మూడు రాళ్లు పేర్చుకుంటున్నాయి. చుట్టూ ఉన్న పొదలు 20 ఏళ్ల కిందటి కంటే ఇంకా తక్కువ, నడవాల్సిన దూరం ఇంకా ఎక్కువ. ఎండ మాత్రం అప్పటిలాగే కాస్తోంది. దాన్ని వాడుకోవడం ఎలాగో ఇరిదిమి మహిళలకు తెలుసు, నేర్పిన అనుభవమూ వాళ్లకుంది. రేషన్ పద్దు పక్కన ఇంధనం పద్దు కూడా రాసి, దానికి ఏటా డబ్బు కేటాయించడమే ఇక మిగిలిన పని.